పడుకునే తీరు – కలలు: ఏది నిజం, ఏది భయం?



"వెల్లకిలా పడుకుంటే ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంటుంది డాక్టరుగారూ. మెలకువ వస్తుంది గాని వేలు కూడా కదలదు. అమ్మా అని పిలుద్దామంటే గొంతు పెగలదు." ఓపీలో ఇలా చెప్పే యౌవనస్థులు ఉంటారు. ఇంట్లో మాత్రం చెప్పరు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టిస్తారేమో, విశ్వాసం తగ్గిందంటారేమో అని వారి భయం. అందుకే ఈసారి ఈ సంగతి తీసుకున్నాము.

కలలు ఎప్పుడు వస్తాయి?

నిద్రలో కొన్ని సమయాల్లో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. ఈ సంగతిని 1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. దీనిని రెమ్ నిద్ర అంటారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. సుమారు 90 నిమిషాలకు ఒకసారి చొప్పున ఇది రాత్రికి నాలుగైదు సార్లు వస్తుంది, తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని పెద్దలంటారు. నిజమయ్యే మాట అటుంచండి, అది బాగా గుర్తుండడానికి కారణం మాత్రం ఇదే.

కలలో పరుగెత్తినా మనం మంచం దిగి పరుగెత్తము. ఆ సమయంలో మెదడు కాళ్ళుచేతుల కండరాలను పట్టు సడలించి ఉంచుతుంది. ఇది దేవుడు మన శరీరంలో ఉంచిన కాపుదల. ఒక్కోసారి ఈ సడలింపు తొలగకముందే మనకు మెలకువ వస్తుంది. అప్పుడు కదలలేము, కలలోని భయం కూడా ఇంకా కళ్ళముందే ఉంటుంది. దీనినే నిద్ర పక్షవాతం అంటారు. పేరు భయపెట్టినా ఇది అసలు పక్షవాతం కాదు. కొన్ని క్షణాల్లో, మహా అయితే కొద్ది నిమిషాల్లో దానంతటదే పోతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు, నైట్ డ్యూటీలు, పరీక్షలు, దిగులు ఉన్నప్పుడు ఎక్కువగా వస్తుంది. పక్కకు తిరిగి పడుకోవడం, వేళకు నిద్రపోవడం చాలామందికి మేలు చేస్తాయి.

ఎడమ పక్క పీడకలలు తెస్తుందా?

2004లో టర్కీలో 63 మందితో జరిగిన చిన్న పరిశీలనలో ఎడమ పక్కన పడుకునేవారు పీడకలలు ఎక్కువ చెప్పారు. 2012లో హాంకాంగ్ పరిశీలన ఒకటి బోర్లా పడుకునేవారి కలలు కొంత వేరుగా ఉంటాయని తెలిపింది. ఇవి జనం తమ గురించి చెప్పుకున్న జవాబులు మాత్రమే. వీటిని బట్టి ఏ పక్కకూ భయపడనక్కరలేదు.

కలలో ఉండగానే "ఇది కల" అని కొందరికి తెలుస్తుంది. 1975లో ఇంగ్లాండులో కీత్ హెర్న్, కొన్నేళ్ళకు అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్, నిద్రపోతున్నవారు ముందుగా అనుకున్నట్టు కళ్ళు కదిపి సైగ చేయగలరని చూపించారు. అయితే ఇలా పడుకుంటే తప్పక అలాంటి కల వస్తుందని చెప్పగల భంగిమ ఏదీ లేదు. దానికోసం అలారం పెట్టుకుని నిద్ర చెడగొట్టుకోకండి. మానసిక వ్యాధికి మందులు వాడేవారు అసలే వద్దు.

కల గుర్తుండాలంటే మెలకువ రాగానే కదలకుండా, పడుకున్న తీరుననే కాసేపు ఉండి జ్ఞాపకం చేసుకోండి. తరువాత కాగితం మీద రాయండి.

వీటిని నిర్లక్ష్యం చేయకండి

1. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగడం, ఉక్కిరిబిక్కిరై లేవడం, పగలంతా మత్తు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి ఇది ఎక్కువవుతుంది. బీపీ కూడా పెరగవచ్చు.
2. పెద్ద వయసువారు కలలో కేకలు వేసి, చేతులు విసిరి, పక్కవారిని కొట్టడం. కొందరిలో ఇది పార్కిన్సన్ వ్యాధికి ఏళ్ళ ముందే కనిపించే గుర్తు.
3. పగలు ఆపుకోలేని నిద్ర, నవ్వినప్పుడు మోకాళ్ళు సడలి కూలబడడం.

ఇవి ఉంటే డాక్టరుకు చూపించండి. గర్భిణీలు 28 వారాల తరువాత పక్కకు తిరిగి నిద్రకు ఉపక్రమించాలి. మధ్యలో వెల్లకిలా ఉన్నట్టు మెలకువ వస్తే కంగారుపడక మళ్ళీ తిరగండి. ఏడాదిలోపు బిడ్డను మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి.

యాకోబు రాతిని తలగడగా చేసుకుని పడుకున్న రాత్రే కలలో దర్శనం పొందాడు. ఏ పక్కకు తిరిగి పడుకున్నాడో లేఖనం చెప్పలేదు. కాబట్టి తల్లిదండ్రులారా, మీ బిడ్డ రాత్రి భయం గురించి చెబితే గద్దించకండి. దగ్గర కూర్చోబెట్టుకుని వినండి, ప్రార్థించండి, ఆసుపత్రికీ తీసుకురండి. ప్రార్థనకు, వైద్యానికి విరోధం లేదు.

ప్రభువు మీకు మంచి నిద్ర దయచేయును గాక.