బాండ్ల సొమ్ము – పేదవాని ఇల్లు

శ్రీరంగాపూర్ గ్రామమున నొక పేదవాని ఇంటికి ప్రభుత్వ మిచ్చు సొమ్ము ఎచ్చటినుండి వచ్చునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని మేము భావించుచున్నాము.

పన్నుల ఆదాయ మొక్కటే గృహనిర్మాణమునకు చాలదు. 1970లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన హడ్కో సంస్థ బాండ్లు, అనగా ఋణపత్రములు, విక్రయించి ధనము సేకరించును. దానిని రాష్ట్రముల గృహనిర్మాణ సంస్థలకు అప్పుగా నిచ్చును. బాండు కొన్నవారికి నియమిత కాలమున వడ్డీయు, గడువు తీరినపుడు అసలును చెల్లింపవలెను.

2024 మార్చి 11న భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమునకు 3,000 కోట్ల రూపాయల హడ్కో ఋణమును తీసికొనుటకు రాష్ట్ర ప్రభుత్వము ఆ సంవత్సరమే అనుమతించినది. ఇంటికి 5 లక్షల రూపాయలు, పని సాగినకొలది దశలవారీగా అందును. ఇల్లు కట్టుకొన్నవాడు దానిని తిరిగి చెల్లింప నక్కరలేదు. కాని హడ్కో అప్పును రాష్ట్రము తీర్పవలెను. ఆ భారము తుదకు పన్ను చెల్లించు మన యందరిదే.

కావున గ్రామసభలో పేర్లు చదువునపుడు సభ్యులు జాగరూకులై యుండవలెను. మిద్దె గలవానికి మంజూరైనచో గుడిసెవాసికి అన్యాయము జరుగును. పునాదివద్ద పని నిలిచినచో ఇల్లు లేకయే వడ్డీ పెరుగును. అర్హుని ఎన్నిక, పనిపై పర్యవేక్షణ – ఈ రెండును సక్రమముగా జరిగిననాడే ఆ ఋణము సార్థకమగును.