పెన్ డ్రైవ్‌కు తాళం వేయడం ఎలా?



పూర్వం ఎరువుల దుకాణాల్లో అప్పుల పద్దు పుస్తకాన్ని రాత్రికి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. నేడు అదే పద్దు, రైతుల పట్టాదారు పాసుపుస్తకాల నకళ్ళు, ఆధార్ ప్రతులు బొటనవేలంత పెన్ డ్రైవ్‌లో ఇమిడి చొక్కా జేబులో తిరుగుతున్నాయి. అది బస్సులో జారిపోయినచో, దొరికినవారు ఏ కంప్యూటరుకు తగిలించినా అన్నీ చదువవచ్చు. నష్టం మీ ఒక్కరిదే కాదు. మిమ్ములను నమ్మి కాగితాలు ఇచ్చిన ప్రతి రైతుదీ.

ముందుగా కొన్ని అపోహలు తొలగించుకోవాలి. ఫైలును 'హిడెన్' చేసినంత మాత్రాన రక్షణ కలుగదు. దానిని ఎవరైనా క్షణంలో బయటపెట్టగలరు. మీ కంప్యూటరుకు గల పాస్‌వర్డ్ పెన్ డ్రైవ్‌ను కాపాడదు. ఫైలును తొలగించినా సాధారణంగా దాని చిరునామా మాత్రమే చెరుగుతుంది. అసలు సమాచారాన్ని తిరిగి వెలికితీసే సాధనాలున్నాయి.

నిజమైన తాళం 'ఎన్‌క్రిప్షన్'. దీనివలన సమాచారమంతా అర్థంకాని సంకేతాలుగా మారిపోతుంది. పాస్‌వర్డ్ ఇచ్చినవారికే తిరిగి తెరచుకొంటుంది.

2009లో విడుదలైన విండోస్ 7 నుండి ఇందుకు 'బిట్‌లాకర్ టు గో' అనే సదుపాయం ఉన్నది. విండోస్ 10, 11 ప్రో రకాల్లో పెన్ డ్రైవ్ గుర్తుపై కుడి మీట నొక్కి, బిట్‌లాకర్‌ను ప్రారంభించాలి. పాస్‌వర్డ్ నిర్ణయించుకొన్న పిమ్మట 48 అంకెల రికవరీ కీ లభిస్తుంది. దానిని ముద్రించి ఇంట్లో భద్రపరచండి. పెన్ డ్రైవ్‌తోపాటు మాత్రం ఉంచరాదు. ఇదివరకే వాడిన డ్రైవ్ అయితే 'పూర్తి డ్రైవ్' అన్న ఎంపికనే తీసుకోవాలి. అప్పుడే పాత ఫైళ్ళ అవశేషాలకూ రక్షణ కలుగుతుంది.

విండోస్ హోమ్ రకంలో ఈ తాళం వేయు వీలు లేదు. అట్టివారు ఉచితంగా లభించే 7-జిప్‌తో తమ కంప్యూటరులోనే ఫైళ్ళను పాస్‌వర్డ్‌తో మూటగట్టి, ఆ మూటను మాత్రమే కొత్త పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఫైళ్ళ పేర్లను కూడా మరుగుపరచే ఎంపిక అందులో ఉన్నది.

మూడు జాగ్రత్తలు మరువకండి.

1. జిరాక్స్ దుకాణంలోని కంప్యూటరులో తాళం తీసితే, తీసినంతసేపు ఫైళ్ళన్నీ అక్కడ బట్టబయలే. ముద్రణకు కావలసిన ఒక్క కాగితాన్ని వేరే డ్రైవ్‌లో తీసుకువెళ్ళండి.

2. ఫోను నంబరు, పుట్టినతేదీ, ఊరి పేరు పాస్‌వర్డ్‌గా పెట్టరాదు. ఏ.టి.ఎం. పిన్ వంటివి తాళం ఉన్న డ్రైవ్‌లోనైనా వ్రాసిపెట్టరాదు.

3. పాస్‌వర్డ్, రికవరీ కీ రెండూ పోతే ఫైళ్ళు పోయినట్లే. మెకానిక్కు గాని, బ్యాంకు గాని తెరవజాలరు. కావున మరొక ప్రతిని ఇంట్లో ఉంచుకోవాలి.

పరుల కాగితం మన చేతిలో ఉన్నంతకాలం అది కూడా ఒక అప్పే. దానిని భద్రంగా కాపాడడమే ఆ అప్పు తీర్చే మార్గం.