లేఆఫ్ గురించి అడుగుతారు, సిద్ధంగా వెళ్లండి

కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌యార్డ్ (జీఆర్‌ఎస్‌ఈ)లో కాంట్రాక్టర్ కింద వెల్డర్‌గా చేశారు. మనుషుల్ని తగ్గించినప్పుడు బయటికొచ్చారు. ఇప్పుడు విశాఖలోనో కొచ్చిలోనో ఇంటర్వ్యూ. "అక్కడెందుకు మానేశారు?" అని అడగక మానరు. చాలామంది "ఇంట్లో ప్రాబ్లమ్ సార్" అనేస్తారు. అది నిలవదు. ఎదురుగా కూర్చున్నదీ షిప్‌యార్డ్ ఇంజనీరే, ఏ దశలో ఎవరిని తీసేస్తారో ఆయనకు బాగా తెలుసు.

ఓడ నీళ్లలోకి దిగేసరికి హల్ పని చాలావరకు అయిపోతుంది. తర్వాతదంతా పైపులు, కేబుళ్లు, మెషినరీ. జీఆర్‌ఎస్‌ఈ కట్టిన యుద్ధనౌక హిమగిరి 2020 డిసెంబర్‌లో లాంచ్ అయితే, నేవీ చేతికి వెళ్లింది 2025 జూలైలో. ఆ నాలుగున్నరేళ్లూ ఓడ మీద పని ఉంది, కానీ ప్లేట్ వెల్డర్‌కి మునుపటంత ఉండదు. మీ సంగతీ అదే అయితే ఇలా చెప్పండి: "బ్లాక్ ఫ్యాబ్రికేషన్‌లో చేశాను సార్. లాంచింగ్ తర్వాత మా కాంట్రాక్టర్ వర్క్ ఆర్డర్ అయిపోయింది, గ్యాంగ్‌ని తగ్గించారు." అక్కడ ఆగండి.

చిక్కు తర్వాతి ప్రశ్నతో వస్తుంది: "కొంతమందిని ఉంచారుగా, మిమ్మల్నెందుకు ఉంచలేదు?" సూపర్‌వైజర్ తన ఊరివాళ్లనే ఉంచుకున్నాడని మొదలుపెట్టారో, అది నిజమే అయినా, మీ పని అక్కడితో సరి. "6జీ ఉన్నవాళ్లను పైపింగ్‌కి మార్చారు. నాకప్పటికి 3జీ వరకే ఉంది. తర్వాత 6జీ నేర్చుకున్నాను, టెస్ట్ పెట్టండి" అనండి. నేర్చుకోకపోతే మాత్రం అనకండి, ఎక్స్‌రేలో ఏదీ దాగదు. ఆరు నెలలు వెల్డింగ్ చేయకుండా ఉంటే పాత క్వాలిఫికేషన్ మామూలుగా చెల్లదు. టెస్ట్ ఎలాగూ తప్పదు కాబట్టి మీరే అడగడం మేలు.

మాటల్లో గట్టెక్కినవాళ్లు కూడా కాగితాల దగ్గర దొరికిపోతారు. రెజ్యూమేలో కంపెనీ పేరు జీఆర్‌ఎస్‌ఈ అని రాసేస్తారు. జీతం ఇచ్చిందీ పీఎఫ్ కట్టిందీ కాంట్రాక్టర్ కదా! వెరిఫికేషన్ యార్డు హెచ్‌ఆర్‌కి వెళ్తే "ఈ పేరుతో మా ఉద్యోగి లేరు" అని జవాబొస్తుంది. అక్కడ చెమటోడ్చిన మనిషి అబద్ధాలకోరు అయిపోతాడు. కాంట్రాక్టర్ పేరు ముందు రాసి, కింద "సైట్: జీఆర్‌ఎస్‌ఈ, గార్డెన్ రీచ్" అని వేయండి. గ్యాప్ కనిపించకూడదని తేదీలు జరపకండి, పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా లెక్క ఉంటుంది. కాంట్రాక్టర్ ఎగ్జిట్ డేట్ వేయకపోతే, చివరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలు ఆగి యూఏఎన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. సర్వీస్ సర్టిఫికెట్ మాత్రం సెటిల్‌మెంట్ రోజునే చేతికి తీసుకోండి. సైట్ మూసేశాక కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు.

ఇక రేటు. టెస్ట్ రిజల్ట్ రాకముందు ఆ మాట ఎత్తకండి. "ఖాళీగానే ఉన్నావుగా" అని పాత రేటులోంచి కోస్తారు. ఎక్స్‌రే క్లియర్ అయ్యాక పాత పే స్లిప్ బల్ల మీద పెట్టండి, బేరం అక్కణ్ణుంచి మొదలవుతుంది.