డంకి కోడి కండ నేర్పిన పాఠాలు

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో కోళ్లకు వైద్యం చేస్తూనే ముసలివాణ్ణయ్యాను. కొత్తగా కోళ్లు పెంచేవాళ్లకూ, పశువైద్యం చదివే పిల్లలకూ చెప్పాల్సినవి కొన్ని మిగిలాయి. అన్నీ కండ గురించే.

1. ఎర్రగా ఉన్నదంతా నెత్తురు కాదు. కోడిని కోస్తే రొమ్ము తెల్లగా, తొడ ఎర్రగా కనిపిస్తుంది. తొడలో నెత్తురు నిలిచిపోయిందంటారు చాలామంది. ఆ ఎరుపు మయోగ్లోబిన్‌ది. కండ ప్రాణవాయువును దాచుకునేది దానిలోనే. రోజంతా తిరిగే కాలికి అది కావాలి. కోడి రొమ్ములో దాదాపు అన్నీ వేగంగా ముడుచుకునే పోగులే. గ్లైకోజెన్‌ను ఖర్చుచేసి గోడ మీదికి ఎగిరేంత బలాన్ని ఒక్కసారిగా ఇస్తాయి, వెంటనే అలసిపోతాయి. దూరాలు ఎగిరే పావురానికి రొమ్ము కూడా ఎర్రగానే ఉంటుంది.

2. జన్యువు ఉంటే చాలదు, అది పనిలోకి దిగాలి. రొమ్ములోనూ తొడలోనూ ఉన్న జన్యువులు ఒకటే. ఏది ఎక్కడ, ఎంత పనిచేస్తుందన్నదే తేడా. ఈసారి కోడిని శుభ్రం చేసేటప్పుడు రెక్క మొదలు దగ్గర వీపు మీద చూడండి. పక్కపక్కనే రెండు చిన్న కండలుంటాయి. ముందుది రెక్కను గంటల తరబడి ఒంటికి ఆనించి పట్టుకుంటుంది, దానివి నిదానపు పోగులు. వెనకదానివి వేగపు పోగులు. అందుకే ప్రపంచమంతటా పరిశోధకులు ఈ జంటను ఏళ్ల తరబడి పరీక్షించారు. కండ ముడుచుకోవడానికి మయోసిన్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువులు కోడిలో చాలా ఉన్నాయి. నిదానపు కండలో కొన్ని, వేగపు కండలో వేరేవి పనిచేస్తాయి. వయసును బట్టి కూడా ఇది మారుతుంది: ఒకే రొమ్ము కండలో గుడ్డులోని పిండానికి ఒక రకం మయోసిన్, పొదిగిన పిల్లకు ఇంకొకటి, పెద్ద కోడికి మరొకటి.

నరం మాట కూడా కండ వింటుంది. 1960లో బుల్లర్, ఎకల్స్ అనే పరిశోధకుల బృందం పిల్లులలో వేగపు కండ నరాన్ని నిదానపు కండకు కలిపితే, ఆ కండ వేగం పుంజుకుంది.

3. పిల్ల మొదటి వారాన్ని నిర్లక్ష్యం చేయకండి. ఇరవై ఒక్క రోజుల్లో గుడ్డు పగిలేసరికే పోగుల సంఖ్య దాదాపు ఖాయమైపోతుంది. తర్వాత పోగులు లావవుతాయంతే. వాటికి కొత్త కేంద్రకాలను అందించే కణాలు మొదటి వారంలోనే చాలా చురుగ్గా ఉంటాయి. ఆ రోజుల్లో తిండి తగ్గితే నష్టం కండకే. నూకలొక్కటే చల్లి ఊరుకోకండి. చెదలు పట్టి వేసే మన పెద్దలది మంచి పద్ధతి, పిల్లకు మాంసకృత్తులు దొరుకుతాయి. వెచ్చదనం కూడా తప్పదు.

4. డంకిని బ్రాయిలర్ తూకంతో కొలవకండి. డంకి మన జిల్లాల సొంత జాతి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దాన్ని నమోదు చేసింది కూడా. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటే బ్రాయిలర్ ముందు అది ఎదగని కోడిలా కనిపిస్తుంది. కానీ ఆ పరుగుకు బ్రాయిలర్ చెల్లించే మూల్యం చూడండి. రొమ్ము పోగులు లావైనంతగా వాటి మధ్య రక్తనాళాలు పెరగవు. కొన్ని కోళ్లలో రొమ్ము కొయ్యలా గట్టిపడుతుంది. అలాంటి కండలో ప్రాణవాయువు కొరతకు స్పందించే జన్యువులు మామూలు కన్నా ఎక్కువగా పనిచేస్తాయి. రొమ్ములో అంతగా కనిపించని నిదానపు పోగుల జన్యువులు కూడా తలెత్తుతాయి.

నాటుకోడి ముక్క ఎక్కువసేపు ఉడకడం లోపం కాదు. వయసుతో దాని కండల్లోని కొల్లాజెన్ అల్లిక బిగుసుకుంటుంది. సన్నని మంట మీద నిదానంగా ఉడికించాలి, అంతే.

5. పందెం ఈ జాతికి రక్ష కాదు. డంకి కండబలం పందెగాళ్ల ఎంపికవల్ల వచ్చిన మాట నిజమే. కానీ కోళ్లను కొట్లాటకు దింపడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. బతికున్న పక్షిని చీల్చే సరదా నాకెప్పుడూ మింగుడుపడలేదు.

6. నమూనా ఆలస్యమైతే అంతా వృథా. ఇది గరివిడి పశువైద్య కళాశాల పిల్లలకు. జన్యువు పనిచేస్తున్నదని చెప్పే ఆర్‌ఎన్‌ఏ, కోడి చచ్చిన కాసేపటికే చెడిపోవడం మొదలవుతుంది. కండ ముక్కను వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయండి. ఒకే వయసు, ఒకే కండ, ఒకే చోటు నుంచి తీయండి. డంకి తొడను బ్రాయిలర్ రొమ్ముతో పోల్చితే మీకు తెలిసేది ఏమీ ఉండదు.

పెంచేవాళ్లకు ఒక్క విన్నపం. డంకి పెట్టకు డంకి పుంజునే కట్టండి. ఊళ్లో మంచి పుంజు లేకపోతే పక్క ఊరి నుంచి తెచ్చుకోండి, సంకరానికి వదలకండి.