ఫిష్ ఫైండర్ కొంటున్నారా? ముందు మీ వేట లోతు చూసుకోండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఈ విరామంలో బోటు రిపేర్లతో పాటు ఫిష్ ఫైండర్ కూడా పెట్టించాలనుకుంటే, తెర సైజు చూసి మోజుపడకండి. మీరు వల వేసేది ఎంత లోతులో?

తీరం దగ్గర, తక్కువ లోతులో అయితే 200 కిలోహెర్ట్‌జ్ మేలు, చేపల గుంపు విడిగా కనిపిస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఆ శబ్దం నీరసిస్తుంది. 50 అయితే బాగా లోతుకు దిగుతుంది గానీ బొమ్మ అంత స్పష్టంగా రాదు. రెండు చోట్లా వేటాడేవాళ్లు రెండూ ఉన్నదే తీసుకోండి. బోటు అడుగున పెట్టే ట్రాన్స్‌డ్యూసర్‌ను నురగ తగిలేచోట బిగిస్తే, ఎంత ఖరీదైన మిషనైనా పిచ్చిగీతలే చూపిస్తుంది.

మత్స్య సంపద యోజన కింద బోట్లకు ఉచితంగా బిగించే ట్రాన్స్‌పాండర్ వేరు. అది ఆపదలో కబురు పంపడానికి పనికొస్తుంది, చేపల్ని వెతికే సోనార్ అందులో లేదు. ఫిష్ ఫైండర్‌కు సబ్సిడీ ఇప్పిస్తామని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే ఇవ్వకండి. ముందు సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి కలవండి.