కళ్లెలో కనబడని క్షయ

పరీక్షాశాల నుండి వచ్చిన కాగితం మీద 'నెగెటివ్' అన్న మాట చూడగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకోవడం సహజం. అయితే ఆ మాటకు సరైన తెలుగు 'లేదు' అని కాదు, 'కనబడలేదు' అని. ఈ రెండు మాటల మధ్యనున్న దూరాన్ని చాలా జబ్బులలో అంతగా పట్టించుకోనక్కరలేదు. క్షయవ్యాధి విషయంలో మాత్రం ఎందరో రోగులు ఆ దూరంలోనే చిక్కుకొని నెలల తరబడి కృశించిపోతున్నారు. కళ్లె పరీక్షలో క్రిములు కనబడనప్పుడు ఊపిరితిత్తులలో క్షయ ఉన్నదీ లేనిదీ వైద్యులు ఎలా నిర్ణయిస్తారో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

"సముద్రాలు దాటి వచ్చాం, ఇంకా మనకు క్షయ గొడవ ఏమిటి?" అని కొందరికి అనిపించవచ్చు. ప్రపంచంలో ఏటా ఈ వ్యాధి బారిన పడేవారిలో దాదాపు నాలుగవ వంతు మంది భారతదేశంలోనే ఉన్నారు. అమెరికాలో నమోదయ్యే క్షయ రోగులలో అత్యధికులు ఇతర దేశాలలో పుట్టినవారే. చిన్ననాడు స్వదేశంలో సోకిన క్రిమి దశాబ్దాల తరబడి శరీరంలో నిద్రాణమై ఉండగలదు. వయసు మీదపడినప్పుడో, మధుమేహం వచ్చినప్పుడో, స్టెరాయిడ్ మందులు గాని, కీళ్లవాతానికి ఇచ్చే కొన్ని కొత్త సూదిమందులు గాని వాడవలసి వచ్చినప్పుడో అది నిద్ర లేస్తుంది. పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులలో ఈ లక్షణాలు ఎందరికి వర్తిస్తాయో పాఠకులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

సూక్ష్మదర్శిని లెక్క

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాఖ్ 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో ప్రకటించాడు. ఆ తర్వాత కొద్దికాలానికే జీల్, నీల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల పేరుమీద స్థిరపడిన రంజన పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. ఈ క్రిమికి మైనంవంటి పొర ఉంటుంది. ఎర్ర రంగును వేడిచేసి పట్టిస్తే ఆ పొర దానిని గట్టిగా పట్టుకుంటుంది. ఆమ్లంతో కడిగినా వదలదు. చుట్టూ ఉన్న కణాలు నీలిరంగులోను, క్రిములు సన్నని ఎర్ర పుల్లలవలెను కనబడతాయి. ఖర్చు తక్కువ, ఫలితం అదే రోజున తెలుస్తుంది. పేద దేశాల క్షయ నియంత్రణ కార్యక్రమాలు ఎన్నో దశాబ్దాలు ఈ పరీక్ష మీదనే నడిచాయి.

దీని లోపం ఎక్కడున్నదో చిన్న కూడికలు, భాగహారాలు తెలిసినవారెవరైనా గ్రహించవచ్చు. గాజుపలక మీద పులిమే కళ్లె ఒక మిల్లీలీటరులో సుమారు నూరవ వంతు. దానిని దాదాపు 200 చదరపు మిల్లీమీటర్ల మేర పరుస్తారు. సూక్ష్మదర్శినిలో ఒక్క చూపుకు అందే జాగా సుమారు 0.02 చదరపు మిల్లీమీటర్లు. అంటే పలకనంతటినీ చూడాలంటే పదివేల చూపులు కావాలి. పరీక్షించేవారు సాధారణంగా నూరు చూపులు చూస్తారు. పలకలో నూరవ వంతు అన్నమాట. ఇప్పుడు మిల్లీలీటరు కళ్లెలో 10,000 క్రిములు ఉన్నాయనుకుందాం. పలక మీదకు చేరేవి 100. నూరు చూపులలో సగటున తగిలేది ఒక్కటి! క్రిములు సమంగా పరుచుకొని ఉండవు గనుక, సంభావ్యతా గణితం ప్రకారం మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో ఆ ఒక్కటి కూడా కంటబడదు. మిల్లీలీటరుకు 1,000 మాత్రమే ఉంటే పదింట తొమ్మిదిసార్లు ఏమీ కనబడదు. పరీక్షించినవాని అశ్రద్ధ ఇందులో ఏమీ లేదు. గడ్డివామిలో సూదిని వెతకమని, వామిలో నూరవ వంతు మాత్రమే విప్పనిస్తే ఎవరైనా చేయగలిగినది అంతే.

కళ్లెలో క్రిములు ఎన్ని ఉంటాయన్నది ఊపిరితిత్తిలో పుండు తీరును బట్టి ఉంటుంది. వ్యాధి ముదిరి ఊపిరితిత్తిలో గుహవంటి రంధ్రం ఏర్పడితే దాని గోడలలో కోట్లకొలది క్రిములు పెరుగుతాయి. శ్వాసనాళంలోనికి దారి ఉంటుంది గనుక అవి దగ్గుతో బయటపడతాయి. రంధ్రం పడని గట్టి గడ్డలో వందల నుండి కొన్ని వేల వరకే ఉండవచ్చు. మన పాత సినిమాలలో కథానాయకుడు దగ్గి, రుమాలులో నెత్తురు చూసుకొని కుప్పకూలేవాడు. ఆ దృశ్యం మన మనసులలో ఎంత నాటుకుపోయిందంటే, నెత్తురు పడేదాకా అది క్షయ కాదనుకునే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. నెత్తురు పడేది తరచుగా వ్యాధి ముదిరిన తర్వాతనే. హెచ్.ఐ.వి. సోకినవారిలో మరొక విచిత్రం ఉన్నది. ఆ గుహను తొలిచేది నిజానికి మన రోగనిరోధక శక్తి చేసే పోరాటమే; ఆ శక్తి క్షీణించినవారిలో గుహలు పడవు, కాబట్టి వ్యాధి తీవ్రంగా ఉన్నా కళ్లె తరచు 'శుభ్రం'గానే కనబడుతుంది. ఇక చిన్నపిల్లలు కళ్లెను ఉమ్మరు, మింగుతారు. అందువలన తెల్లవారుజామున పరగడుపున వారి కడుపులోని ద్రవాన్ని గొట్టంతో తీసి పరీక్షించడం పాత పద్ధతి. పిల్లల మలాన్ని జన్యుపరీక్షకు వాడవచ్చునని ఇటీవల ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది.

అసలు ఇచ్చినది కళ్లెయేనా అన్న ప్రశ్న కూడా ఉన్నది. చాలామంది ఇచ్చేది ఉమ్మి. కోడలి ముందు, మనుమల ముందు కళ్లె తీయడానికి మొహమాటపడి, డబ్బాలో ఇంత ఉమ్మి ఊసి ఇచ్చే పెద్దవారు తక్కువమంది కారు. నిద్ర లేచిన వెంటనే నోరు నీటితో పుక్కిలించి, రెండు మూడు సార్లు గుండెల నిండా గాలి పీల్చి, లోతునుండి దగ్గి తీయాలి. గాలి వెలుతురు ఉన్న చోట, ఇతరులకు దూరంగా తీయాలి. అమెరికాలో 8 నుండి 24 గంటల ఎడంతో మూడు నమూనాలు, అందులో ఒకటైనా తెల్లవారుజామున తీసినది, అడుగుతారు. కళ్లె రానివారికి గాఢమైన ఉప్పునీటి ఆవిరి పట్టించి దగ్గు తెప్పిస్తారు. దానికీ లొంగకపోతే శ్వాసనాళంలోనికి సన్నని దర్శిని పంపి, లోపల కడిగి, ఆ నీటిని పరీక్షిస్తారు.

తోడుపెట్టడం, జన్యువును వెతకడం

క్రిములు కొద్దిగా ఉన్నప్పుడు వాటిని పెంచి చూడటం రెండవ మార్గం. పాలలో చెంచాడు పెరుగు వేస్తే తెల్లవారేసరికి తోడుకుంటుంది. క్షయ క్రిమికి అంత తొందర లేదు. మన పేగులలో ఉండే ఇ. కోలై అనుకూల పరిస్థితులలో 20 నిమిషాలకొకసారి రెండింతలు కాగా, క్షయ క్రిమికి ఇంచుమించు ఒక పగలూ రాత్రీ పడుతుంది. గుడ్డుతో చేసిన గట్టి పోషకం మీద అది కంటికి కనబడేలా పెరగడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు. ద్రవ పోషకంలో తరచు రెండు మూడు వారాలే చాలు గాని, 'పెరగలేదు' అని చెప్పాలంటే 42 రోజులు ఆగాలి. మిల్లీలీటరుకు 10 నుండి 100 సజీవ క్రిములు ఉన్నా ఈ పద్ధతి పట్టుకుంటుంది. ఇంత ఓపిక గల పరీక్షను ఎన్నో కేంద్రాలు అడగనైనా అడగకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

2010లో వెలువడిన ఒక అధ్యయనం ఈ రంగాన్ని మలుపు తిప్పింది. లిమా, బాకూ, కేప్‌టౌన్, డర్బన్, ముంబయి నగరాలలో 1,730 మందిని ఎక్స్‌పర్ట్ అనే యంత్రంతో పరీక్షించారు. అది క్రిమి జన్యువులో ఒక ముక్కను కోట్ల నకళ్లుగా పెంచి, రెండు గంటలలోపే ఫలితం చెబుతుంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా తెలుపుతుంది. సూక్ష్మదర్శినిలో క్రిములు కనబడిన రోగులలో 98.2 శాతాన్ని అది పట్టుకున్నది. సూక్ష్మదర్శినికి చిక్కక, పెంపకంలో మాత్రమే బయటపడిన రోగులలో ఒక్క పరీక్షతో 72.5 శాతాన్ని, మూడు పరీక్షలతో 90.2 శాతాన్ని పట్టుకున్నది. గోవాలో తయారైన ట్రూనాట్ అనే చిన్న యంత్రానికి 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. అయినా పై అంకెలను మరొకసారి చూడండి: ఒక్క పరీక్షతో సరిపెట్టుకుంటే సూక్ష్మదర్శినికి చిక్కని నలుగురిలో ఒకరు ఇక్కడా తప్పించుకుంటారు.

చిత్రం చెప్పేది, చెప్పలేనిది

ఎక్స్‌-రే చాలా మటుకు మచ్చను చూపుతుంది. అది దేని మచ్చో చెప్పదు. ఊపిరితిత్తుల పై భాగాన మచ్చ ఉంటే క్షయను అనుమానించాలని ప్రతి వైద్య విద్యార్థీ నేర్చుకుంటాడు. అయితే కాన్సర్, సార్కాయిడోసిస్, మానిన పాత పుండు కూడా అలాగే ఉండవచ్చు. అమెరికాలో స్థిరపడినవారు మరో రెండు పేర్లు గుర్తుంచుకోవాలి. ఒహాయో, మిసిసిపి నదీలోయలలో హిస్టోప్లాస్మా అనే బూజు, అరిజోనా, కాలిఫోర్నియాల పొడినేలల్లో 'వ్యాలీ ఫీవర్' తెచ్చే మరొక బూజు అచ్చం క్షయను పోలిన జబ్బును కలిగిస్తాయి. స్వదేశంలో కాన్సర్‌ను క్షయ అనుకొని నెలల తరబడి మాత్రలు మింగించడం, ఇక్కడ క్షయను న్యుమోనియా అనుకొని మందు మీద మందు మార్చడం రెండూ జరుగుతున్నాయి. ఎక్కడి వైద్యునికి ఏది అలవాటో అదే ముందుగా తోస్తుంది. అందువలన రోగి ఎక్కడ పుట్టాడో, ఎక్కడెక్కడ నివసించాడో, ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా క్షయ ఉండేదో వైద్యునికి అడగకుండానే చెప్పాలి. సిగ్గుపడి దాచేవారి మౌనం కొన్ని సందర్భాలలో రోగి ప్రాణానికే ముప్పు తెస్తుంది.

మామూలు యాంటిబయాటిక్ ఇచ్చి చూడటం పూర్వం నుండి ఉన్న ఆచారం: తగ్గితే న్యుమోనియా, తగ్గకపోతే క్షయ అన్న తర్కం. ఇందులో ఒక ఉచ్చు ఉన్నది. లెవోఫ్లాక్ససిన్, మాక్సిఫ్లాక్ససిన్ వంటి మందులు క్షయ క్రిమిని కూడా కొంతవరకు అణచివేస్తాయి. జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, అందరూ సంతోషిస్తారు. కొన్ని వారాలకు జబ్బు మళ్లీ తలెత్తుతుంది. ఈలోగా పరీక్షలలో క్రిమి దొరకడం మరింత కష్టమవుతుంది. కాబట్టి క్షయ అనుమానం ఉన్నప్పుడు ఆ వర్గపు మందులు ఇవ్వకూడదు.

రక్తపరీక్షల గురించి ఒక మాట. రక్తంలోని ప్రతిరక్షకాలను చూసి క్షయను నిర్ధారిస్తామనే పరీక్షలు ఒకప్పుడు మన దేశంలో విరివిగా అమ్ముడుపోయాయి. అవి నమ్మదగినవి కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో స్పష్టంగా చెప్పింది. భారత ప్రభుత్వం 2012లో వాటిని నిషేధించింది. మాంటూ చర్మపరీక్షగాని, ఇగ్రా అనే రక్తపరీక్షగాని క్రిమి ఎప్పుడో సోకిందా అన్నంతవరకే సూచిస్తాయి; ఇప్పుడు జబ్బు ఉన్నదో లేదో వాటివలన తేలదు. బి.సి.జి. టీకా పడినవారిలో మాంటూ పొరపాటుగా 'ఉన్నది' అనవచ్చు. ఇగ్రాకు ఆ చిక్కు లేదు.

ఋజువు లేకుండా చికిత్స

ఇన్ని చేసినా క్రిమి దొరకకపోవచ్చు. అరవై అయిదేళ్ల మధుమేహ రోగిని ఊహించుకుందాం: రెండు నెలల దగ్గు, రాత్రి చెమటలు, ఆరు కిలోల బరువు తగ్గుదల, కుడి ఊపిరితిత్తి పైభాగాన కొత్త మచ్చ, కళ్లె మూడుసార్లూ నెగెటివ్, జన్యుపరీక్ష నెగెటివ్, యాంటిబయాటిక్‌తో మార్పు లేదు. కాన్సర్ కాదని చూసుకున్న తర్వాత, పెంపకం ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టడమే సరైన పని అని నా అభిప్రాయం. దీనికి ఆధారం లేకపోలేదు. హాంకాంగ్ వైద్యులు, మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రం, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలసి చేసిన అధ్యయనంలో, ఎక్స్‌-రేలో క్షయ లక్షణాలున్నా కళ్లె నెగెటివ్‌గా ఉన్న కొందరికి, ఋజువు దొరికేవరకు మందులివ్వకుండా జాగ్రత్తగా కనిపెట్టి చూశారు. 1984లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అయిదేళ్లలో వారిలో సగానికి పైగా మందికి చికిత్స అవసరమైంది.

ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబ్యుటాల్ అనే నాలుగు మందులు రెండు నెలలు వాడిన తర్వాత బరువు పెరిగి, మచ్చ కరగనారంభిస్తే నిర్ణయం సరైనదని తెలుస్తుంది. మచ్చ అలాగే ఉంటే మొదటి నుండి మళ్లీ ఆలోచించాలి. మందులు కొనసాగించడం అప్పుడు వైద్యం కాదు, మొండితనం. ఈ మందులకు కాలేయాన్ని, ఎథాంబ్యుటాల్‌కు కంటిచూపును దెబ్బతీసే స్వభావం ఉన్నది గనుక పర్యవేక్షణ తప్పదు.

కళ్లెలో కనబడని రోగి ఇతరులకు అంటించడని కూడా అనుకోరాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిముల జన్యు ముద్రలను పోల్చి 1999లో ప్రకటించిన అధ్యయనంలో, వ్యాపించిన కేసులలో దాదాపు 17 శాతం అటువంటి రోగుల నుండే వచ్చినట్లు తేలింది. ఇంట్లో పసిపిల్లలు ఉంటే వారిని ముందుగా పరీక్షించాలి.

శాశ్వత నివాసానికి వచ్చే తల్లిదండ్రుల విషయంలో మన కుటుంబాలకు ఈ చిక్కు మరొక రూపంలో ఎదురవుతుంది. అమెరికా వలస వీసా కోసం చేసే ఎక్స్‌-రేలో మచ్చ కనబడితే పూర్వం సూక్ష్మదర్శిని పరీక్షతో సరిపోయేది. 2007లో వచ్చిన నిబంధనల ప్రకారం కళ్లెను పెంచి కూడా చూడాలి, కాబట్టి ప్రయాణం సుమారు రెండు నెలలు ఆగుతుంది. విసుగు కలిగించే మాట నిజమే గాని, సూక్ష్మదర్శినికి చిక్కని రోగులను ఈ నియమం ఎందరినో పట్టుకున్నది. మచ్చ మానిన పాతదని తేల్చడానికి అన్నిటికంటె ఉపయోగపడేది కొన్నేళ్ల క్రితం తీసిన ఎక్స్‌-రే. రెండు చిత్రాలలోనూ మచ్చ ఒకే తీరుగా ఉంటే వైద్యునికి ఎంతో భరోసా కలుగుతుంది. అది ఇంటి బీరువాలో ఏ మూలనో, పసుపు పచ్చని కవరులో పడి ఉంటుంది. ఈసారి ఊరికి ఫోను చేసినప్పుడు దానిని పారేయవద్దని చెప్పండి.