ఛాయాచిత్రంలో ఎర్రకన్ను: చెరిపే ముందు చూడవలసినది

పుట్టినరోజు కేకు ముందు బిడ్డ, చుట్టూ బంధువులు, గదిలో మసక దీపం ఒక్కటే. ఫోను ఫ్లాష్ మెరుస్తుంది. తరువాత చిత్రం చూస్తే బిడ్డ కనుపాపలు నిప్పుకణికల వలె ఎర్రగా ఉంటాయి. ఎన్నూరులో తాళంకుప్పం మొదలు ఎర్ణావూరు వరకు ఇటువంటి చిత్రం చూడని ఇల్లు అరుదు. ఇది దిష్టి కాదు, ఫోను లోపమూ కాదు.

చీకటిలో కనుపాప వెలుగు కోసం పెద్దదవుతుంది. ఆ క్షణంలో ఫ్లాష్ వెలిగితే కాంతి ఆ ద్వారం గుండా లోపలికి పోయి, రెటీనాను, దాని వెనుక రక్తనాళాలతో నిండిన పొరను తాకి, వచ్చిన దారినే తిరిగి వస్తుంది. రక్తవర్ణం పులుముకొని వచ్చిన ఆ కాంతినే కెమెరా పట్టుకుంటుంది. ఫోనులో ఫ్లాష్, కటకం పక్కపక్కనే ఉండడం ఇందుకు ముఖ్య కారణం. పూర్వపు స్టూడియోలలో దీపాలను కెమెరాకు దూరంగా, పక్కగా నిలిపేవారు కనుక ఈ బెడద తక్కువ. నలుపు తెలుపు చిత్రాలలో ఎరుపు ఎలాగూ కనిపించదన్నది వేరే సంగతి.

రాకుండా చూసుకోవడమే సులువు. గదిలో దీపాలన్నీ వెలిగించి, ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగుకు ఎదురుగా మనిషిని నిలిపితే చాలు. ఫ్లాష్ తప్పనిసరి అయితే చూపును కటకానికి కాస్త పక్కకు మళ్ళించాలి.

తీసిన చిత్రాన్ని దిద్దడమూ కష్టం కాదు. ఐఫోనులో ఫ్లాష్‌తో తీసిన చిత్రాన్ని తెరిచి ‘ఎడిట్’ నొక్కితే అడ్డగీత గల కన్ను గుర్తు కనిపిస్తుంది; దానిని ఎంచుకొని ఎర్రని పాపలను ఒక్కొక్కటిగా తాకాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ సాధనం ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది, కొన్నింటిలో అసలే ఉండదు. లేనివారు అడోబీ ఫోటోషాప్ ఎక్స్‌ప్రెస్ వంటి యాప్‌ను వాడుకోవచ్చు. గుర్తింపు పత్రాలకు ఇచ్చే చిత్రాన్ని మాత్రం దిద్దడం కంటే పగటి వెలుగులో మళ్ళీ తీయించుకోవడమే మేలు.

అయితే చెరిపే ముందు రెండు కళ్ళనూ పోల్చి చూడాలి. రెండూ సమానంగా ఎర్రగా ఉంటే భయం లేదు. ఒక కన్ను ఎర్రగా ఉండి, రెండవది తెల్లగానో పసుపుపచ్చగానో మెరిస్తే ఆ చిత్రాన్ని నవ్వి వదిలేయరాదు. పిల్లికళ్ళని ముద్దుగా పిలిచే లేతరంగు కళ్ళు వేరు, ఈ మెరుపు వేరు. ఫ్లాష్ కాంతి కంటిలోని నరం మొదలుపై ఏటవాలుగా పడినా ఒక్కోసారి తెల్లగా కనిపిస్తుంది. అది హాని లేనిదే. కాని పుట్టుకతో వచ్చే శుక్లానికీ, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌కూ కూడా ఇదే లక్షణం. ఈ క్యాన్సర్ ఎక్కువగా ఐదేళ్ళలోపు పిల్లలకు వస్తుంది. తొలిదశలో పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్నూ దక్కుతుంది. ఆలస్యమైతే కంటినరం వెంట మెదడుకు పాకుతుంది. ఆ వయసు బిడ్డ తనకు చూపు తగ్గిందని చెప్పలేదు.

అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్రవేత్త బ్రయన్ షా కుమారుడికి పసితనంలోనే ఈ వ్యాధి వచ్చింది. తండ్రి తరువాత పాత చిత్రాలను తిరగేస్తే, వ్యాధి నిర్ధారణకు ముందే ఆ తెల్లని మెరుపు వాటిలో కనిపించింది. అటువంటి మెరుపును వెదికే ఫోను యాప్‌ను ఆయన బృందం తయారు చేసింది. 2019లో వెలువడిన వారి అధ్యయనంలో, కంటివ్యాధి ఉన్న 20 మంది పిల్లలలో 16 మంది ఇంటి చిత్రాలలో యాప్ దానిని గుర్తించింది. అదీ వైద్యులు గుర్తించడానికి సగటున 1.3 సంవత్సరాల ముందటి చిత్రాలలో.

ఎర్రకన్ను దిద్దే సాధనం వాడితే కనుపాప నల్లబడుతుంది, దానితో ఈ జాడ కూడా మాసిపోవచ్చు. కనుక దిద్దిన ప్రతిని వేరుగా భద్రపరచి, అసలు చిత్రాన్ని తేదీతో సహా ఉంచుకోవాలి. తెల్లని మెరుపు కనిపిస్తే సమీపంలోని నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ అసలు చిత్రాన్నే చూపాలి. నేరుగా పోదలచినవారికి 1819లో స్థాపితమైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నది. ఎన్నూరులో లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగితే అక్కడికి దగ్గరే. నుంగంబాక్కంలోని శంకర నేత్రాలయలోనూ పిల్లల కళ్ళను పరీక్షిస్తారు. కనుపాపను మందుతో పెద్దది చేసి లోపల చూసే పరీక్ష ఇది; చుక్కలు వేసిన తరువాత కొన్ని గంటలు ఎండ చూడలేరు కనుక బిడ్డకు టోపీ తీసుకుపోవడం మంచిది.